రెండు గంటల్లో తేల్చుకోవాలి

14 రోజులు, 2 గంటలు. మా షాపుకొచ్చే కుర్రాళ్లకు నేను ముందుగా చెప్పే అంకెలు ఇవే. కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటలు నిండకూడదు. ఈ రెండూ సరిపోతే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోరులో కొన్న గేమ్‌ని వెనక్కిచ్చి కట్టిన డబ్బు తీసుకోవచ్చు. గేమ్ చెడిపోయిందని రుజువు చూపించక్కర్లేదు. నచ్చలేదన్నా చాలు.

గుంటూరు అరండల్‌పేటలో నాది కంప్యూటర్ షాపు. అసెంబుల్డ్ సిస్టమ్‌లు కట్టి అమ్ముతాను, రిపేర్లు చేస్తాను. నేను గేమ్‌లు అమ్మడం మానేసి చాలా ఏళ్లయింది. అయినా గేమ్ తేడా చేస్తే పంచాయితీ నా కౌంటరు మీదికే వస్తుంది. "అన్నా, మూడు వేలు పెట్టి కొన్నా, నా సిస్టమ్‌లో ఆడట్లా. డబ్బులు వెనక్కొస్తాయా?" అని. వాళ్ల పక్కనే నిలబడ్డ నాన్నలకు గేమ్ అనగానే రమ్మీ గుర్తొస్తుంది. అది వేరే సంగతి. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. నేను చెబుతున్నది సినిమా డీవీడీ కొన్నట్టు ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే వీడియో గేమ్‌ల గురించి. కొత్తగా వచ్చిన పెద్ద గేమ్ మన దగ్గర మూడు వేల నుంచి ఐదు వేల దాకా పలుకుతోంది. ఇంటర్ చదివే పిల్లాడికి అది చిన్న డబ్బేం కాదు.

గేమ్ సీడీలు అమ్మే రోజుల్లో నా బిల్లు పుస్తకం అడుగున కూడా అందరి బిల్లుల మీద ఉండే మాటే ఉండేది: ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. సీలు చించాక అసలే కుదరదు. డబ్బా లోపల నంబరు ఉంటుంది, దాన్ని ఎక్కించుకుని సీడీ తెచ్చిచ్చేస్తే మళ్లీ దాన్ని ఎవరికి అమ్మాలి? సీలు చించకుండా గేమ్ ఎలా ఉందో తెలియదు, చించాక వాపసు లేదు. కొన్నవాడికి ఎటూ దారి లేదు. డౌన్‌లోడ్‌లు వచ్చాక సీడీ పోయింది, సీలు పోయింది. ఆ కట్టుబాటు మాత్రం చాలాకాలం పోలేదు.

అసలు గేమ్ అనేది సరుకేనా? ఈ ప్రశ్న మన దగ్గర నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను వేయవచ్చా లేదా అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబరులో తీర్పు చెప్పింది. సీడీ మీద ఎక్కించి షాపులో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే, దాని మీద పన్ను కట్టాల్సిందే అని. అది పన్ను కోసం వచ్చిన తీర్పు. పన్ను వసూలు దగ్గర సరుకైన వస్తువు వాపసు దగ్గర కూడా సరుకే కావాలి కదా? అక్కడా కంపెనీలు కాదనే అన్నాయి.

స్టీమ్ నడిపేది వాల్వ్ అనే అమెరికా కంపెనీ. 2003లో మొదలై, కంప్యూటర్ గేమ్‌ల అమ్మకాల్లో అన్నిటికంటే పెద్ద స్టోరుగా ఎదిగింది. 2015 దాకా వాళ్ల నియమం నా బిల్లు పుస్తకం లాంటిదే, డబ్బు వెనక్కివ్వం అని. 2014 ఆగస్టులో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఏసీసీసీ వాళ్ల మీద కేసు వేసింది. ఆ దేశ చట్టం ప్రకారం కొన్న వస్తువు సరిగా లేకపోతే కొన్నవాడికి హక్కులుంటాయి. వాటిని 'మా నియమాల్లో లేవు' అని కంపెనీ కొట్టేయడానికి వీల్లేదు. వాల్వ్ వాదన ఏమిటంటే: మేము ఆస్ట్రేలియాలో వ్యాపారమే చేయడం లేదు, మేము ఇచ్చేది సరుకే కాదు, అందుకని మీ చట్టం మాకు వర్తించదు. అప్పటికి అక్కడ స్టీమ్ ఖాతాలు 22 లక్షల దాకా ఉన్నాయి!

జస్టిస్ జేమ్స్ ఎడెల్‌మన్ 2016 మార్చిలో ఈ వాదనను ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియా చట్టం సరుకు అన్న నిర్వచనంలోనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ని పేరు పెట్టి చేర్చింది, ఇక దాటేసే దారి ఏది? డిసెంబరులో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. రెండున్నర లక్షలు చాలని వాల్వ్ అడిగింది. అంత పెద్ద కంపెనీ అక్కడి చట్టం గురించి అక్కడి లాయరును కూడా సంప్రదించకుండా నియమాలు రాసుకుందని జడ్జి గట్టిగానే అన్నాడు. 2017లో అప్పీలు పోయింది. 2018లో హైకోర్టు, అంటే వాళ్ల అత్యున్నత న్యాయస్థానం, విచారణకే తీసుకోలేదు. 2020లో ఏసీసీసీ ప్లేస్టేషన్ అమ్మే సోనీ యూరప్ కంపెనీకి కూడా ఇలాంటి తప్పుకే 35 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేయించింది.

వాల్వ్ మీద కేసు నడుస్తుండగానే, 2015 జూన్‌లో, స్టీమ్ ఈ 14 రోజులు, 2 గంటల నియమం తెచ్చింది. కోర్టు భయంతోనే తెచ్చారని నేను రుజువు చేయలేను. తేదీలు మాత్రం మీ ముందు పెట్టాను. అంతకు ముందే 2013లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ తన సొంత గేమ్‌లకు, మొదటిసారి తెరిచిన 24 గంటల్లోపు వాపసు తీసుకునే పద్ధతి పెట్టింది. స్టీమ్ పెద్ద స్టోరు కాబట్టి అది మారాక మిగతావాళ్లకూ మారక తప్పలేదు. 2019లో ఎపిక్ స్టోరు అవే అంకెలు పెట్టుకుంది. 2020లో పోలండ్‌కు చెందిన జీఓజీ స్టోరు ఇంకో అడుగు ముందుకేసి, ఆడినా సరే 30 రోజుల దాకా డబ్బు వెనక్కిస్తానంది.

ఇక ఆ రెండు గంటల సంగతి, ఎక్కువ మంది దెబ్బతినేది అక్కడే. స్టీమ్ లెక్కపెట్టేది మీరు ఆడిన సమయాన్ని కాదు, గేమ్ తెరిచి ఉన్న సమయాన్ని. పాజ్ కొట్టి అన్నం తినడానికి వెళ్లినా లెక్కే. మెనూలో సెట్టింగులు మార్చుకుంటూ కూర్చున్నా లెక్కే.

మొన్న ఎండాకాలంలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు సీపీయూని బైకు మీద పెట్టుకుని వచ్చాడు. సేల్‌లో పెద్ద గేమ్ కొన్నాడు. తెరవగానే తెర మీద 'షేడర్లు తయారవుతున్నాయి' అని ఒక గీత మెల్లగా నిండుతోంది. గేమ్‌లో నీడలు, వెలుగు, నీటి మెరుపు లాంటివన్నీ మన గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు ముందే సిద్ధం చేసుకునే పని అది. కార్డు పాతదైతే, ప్రాసెసర్ నీరసంగా ఉంటే ఆ గీత ఎంతకీ నిండదు. వీడు దాన్నలా వదిలేసి మెస్‌కి వెళ్లొచ్చాడు. వచ్చి ఆట మొదలుపెడితే పది నిమిషాలకోసారి బొమ్మ ఆగిపోవడం, గేమ్ మూసుకుపోవడం. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూసుకుపోయింది. నా దగ్గర మానిటరు తగిలించి లైబ్రరీ తెరిస్తే గేమ్ పేరు పక్కన 1.8 గంటలని ఉంది. వాడి చెయ్యి మళ్లీ ప్లే బటన్ మీదికే పోతోంది, సెట్టింగులు తగ్గించి చూద్దామని.

"ఆగరా! అది నొక్కితే అయిపోయినట్టే" అన్నాను.

కార్డు మెమరీ 4 జీబీ. గేమ్ పేజీలో కనీసం 8 ఉండాలని రాసుంది. సెట్టింగులు ఎంత తగ్గించినా లాభం లేదు. హెల్ప్‌లోకి వెళ్లి స్టీమ్ సపోర్ట్, అందులో పర్చేజెస్, ఆ గేమ్ మీద నొక్కి 'రిఫండ్ కావాలి' అన్నది ఎంచుకోమన్నాను. కారణం రాయమంటే వాడు నాలుగు పేరాల అర్జీ మొదలుపెట్టాడు. "నా సిస్టమ్‌లో ఆగిపోతోంది అని ఒక్క ముక్క రాయి, చాలు." రాశాడు. సాయంత్రానికి ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది, ఆ తర్వాత కొద్ది రోజులకు డబ్బు ఖాతాలో పడింది. ఏ దారిన కట్టామో ఆ దారినే పంపుతారు. ఆ దారిన వెనక్కి పంపడం కుదరకపోతే స్టీమ్ వాలెట్‌లో వేస్తారు, దాంతో అక్కడే వేరే గేమ్ కొనుక్కోవాలి.

ఇది ఒక్క గేమ్ బాధ కాదు. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు, స్టీమ్‌లో ముందు చిన్న ముక్క దిగేది. మిగతా 90 జీబీ పైచిలుకు గేమ్ తెరిచాక లోపల డౌన్‌లోడ్ అయ్యేది. ఆ సేపంతా గంటల లెక్క నడుస్తూనే ఉంది. విమానం ఎక్కకముందే రెండు గంటలు అయిపోయినవాళ్లు లోకమంతా ఉన్నారు. ఇలాంటప్పుడు గడువు దాటినా అర్జీ పెట్టి చూడండి. నియమానికి కొంచెం బయట ఉన్నవాటిని కూడా పరిశీలిస్తామని స్టీమే రాసుకుంది. ఇస్తామని మాత్రం రాయలేదు.

మా వీధి చీరల షాపులో మడత విప్పి, అంచు చూసి, వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూశాక గానీ ఎవరూ డబ్బు తీయరు. ఈ రెండు గంటలూ ఆ మడత విప్పడానికే. కథలో పడిపోవడానికి కాదు. ముందు గేమ్ పేజీలో అడుగున మినిమం, రికమెండెడ్ అని రెండు వరసలుంటాయి, మీ కార్డు, ర్యామ్ వాటితో పోల్చుకోండి. మొదటి గంటలోనే బరువైన సీన్ ఒకటి ఆడి చూడండి. ఇంకో మంచి సంగతి చాలామందికి తెలియదు. మీరు పూర్తి ధరకు కొన్న వెంటనే సేల్ వస్తే, వాపసు ఇచ్చి సేల్ ధరకు మళ్లీ కొనుక్కోవచ్చు. దాన్ని దుర్వినియోగంగా లెక్కించబోమని స్టీమ్ రాతపూర్వకంగా చెప్పింది. ముందస్తు బుకింగ్ అయితే విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కానీ ఎక్కువ డబ్బు కట్టి నాలుగు రోజులు ముందుగా ఆడే ఎడిషన్లున్నాయే, ఆ ఆటను కూడా 2024 ఏప్రిల్ నుంచి రెండు గంటల్లో కలిపేశారు. అంతకు ముందు కొందరు ఆ నాలుగు రోజుల్లో గేమ్ మొత్తం ఆడేసి డబ్బు వెనక్కి తీసుకునేవారు. ఇక వేరే సైట్లలో చవగ్గా దొరికే కీలు కొని స్టీమ్‌లో ఎక్కించుకుంటే, వాటికి స్టీమ్ బాధ్యత వహించదు. చవక ఎందుకయిందో కొనేముందే ఆలోచించాలి.

కన్సోల్‌ల దగ్గర ఇంత ఉదారం లేదు. ప్లేస్టేషన్‌లో 14 రోజులే గానీ, డౌన్‌లోడ్ మొదలుపెడితే మామూలుగా అంతే సంగతులు. దించకుండా ఆడేదెలా, ఆడకుండా తెలిసేదెలా? ఇదీ సీలు చించితే వాపసు లేదన్న నా పాత లెక్కే. ఎక్స్‌బాక్స్‌లో 14 రోజుల్లోపు, 'చెప్పుకోదగ్గంత' ఆడకుండా ఉండాలి. ఎంతైతే చెప్పుకోదగ్గదో వాళ్లు చెప్పరు. నింటెండో అందరికంటే పిసినారి: అమ్మిందంతా తుది అమ్మకమే, ముందస్తు బుకింగ్ మాత్రం రద్దు చేసుకోనిస్తారు. ఫోన్‌లో గూగుల్ ప్లేలో కొన్నది 48 గంటల్లోపు గూగుల్‌నే అడగండి. ఆ తర్వాత గేమ్ చేసినవాళ్లను బతిమాలుకోవాలి.

నియమం ఎంత బిగుతుగా ఉన్నా పరువు పోతుందనుకుంటే కంపెనీలు దాన్ని పక్కన పెడతాయి. 2020 డిసెంబరు 10న వచ్చిన సైబర్‌పంక్ 2077 పాత ప్లేస్టేషన్ 4 మీద ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని స్టోరు నుంచే తీసేసి అడిగినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చింది. 2021 జూన్ దాకా మళ్లీ అమ్మకానికి పెట్టలేదు. సోనీ సొంత గేమ్ కాంకర్డ్ 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబరు 6న మూతపడింది. ఆడేవాళ్లే లేరు. కొన్న కొద్దిమందికీ పూర్తి డబ్బు ఇచ్చేశారు.

చేసినవాళ్ల గోడు కూడా చెప్పకపోతే అన్యాయం. 2021లో ఎమికా గేమ్స్ అనే బుల్లి సంస్థ 'సమ్మర్ ఆఫ్ 58' అనే దెయ్యాల గేమ్ అమ్మింది. అది రెండు గంటల్లోపే పూర్తవుతుంది. జనం పూర్తిగా ఆడేసి, బాగుందని రివ్యూ కూడా రాసి, డబ్బు వెనక్కి తీసుకున్నారు. నియమం ప్రకారం అది తప్పు కాదు. ఆ డెవలపర్ విసిగిపోయి గేమ్‌లు చేయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. బాగుందని రాసిన చేత్తోనే రిఫండ్ నొక్కడాన్ని ఏమనాలో నాకు తెలియదు గానీ, నా షాపులో అలా చేస్తే మళ్లీ గడప తొక్కనివ్వను.

డబ్బు రాలేదన్న కోపంతో బ్యాంకుకు ఫోన్ చేసి "ఆ లావాదేవీ నాది కాదు" అని చెప్పకండి. బ్యాంకు డబ్బు వెనక్కి లాగుతుంది, స్టోరు మీ ఖాతాకు తాళం వేస్తుంది. అంతకు ముందు కొన్న గేమ్‌లు కూడా లోపలే ఉండిపోతాయి. ఎవరో నిజంగానే మీ కార్డు వాడితే సంగతి వేరు. ఈ తాళం మీద అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెద్ద గొడవే చేసింది. ఫోర్ట్‌నైట్ గేమ్‌లో ఒక్క బటన్ తగిలితే డబ్బు కట్ అయ్యేదని, స్లీప్‌లో ఉన్న గేమ్‌ని లేపబోయినా కొనుగోలు జరిగిపోయేదని, పిల్లలు అమ్మానాన్నలకు తెలియకుండా కొనేసేవాళ్లని, బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే దాన్ని తయారుచేసిన ఎపిక్ కంపెనీ ఖాతా మూసేసేదని ఆరోపించింది. 2022 డిసెంబరులో, ఆడినవాళ్లకు తిరిగి ఇవ్వడానికి 24.5 కోట్ల డాలర్లు కడతానని ఎపిక్ ఒప్పుకుంది. ఆ డబ్బు అమెరికా వాళ్లకే. మా కస్టమర్ ఒకావిడ కొడుకు ఏదో షూటింగ్ గేమ్‌లో డైమండ్లు కొని నెల జీతంలో సగం ఊడ్చేశాడు. ఆవిడకు 48 గంటలు దాటాక తెలిసింది. పైసా రాలేదు.

కొన్నామనుకున్నది అసలు మనదేనా అన్న ప్రశ్న ఇంకా లోతైనది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ 'ద క్రూ' అనే కార్ల గేమ్ సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ల దగ్గర కూడా అది తెరుచుకోకుండా పోయింది. దాని మీద పుట్టిన ఉద్యమానికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ మాట కొనేముందే స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ డబ్బు కట్టే పేజీలో ఇప్పుడా వాక్యం కనిపిస్తుంది, చదివేవాళ్లే కనిపించరు.

మరి మన చట్టం? నచ్చలేదని వెనక్కిచ్చే హక్కు మన దేశంలో డిజిటల్ కొనుగోళ్లకు లేదు. స్టీమ్ ఇస్తోందంటే తన నియమం ప్రకారం ఇస్తోంది, రేపు తీసేస్తే అడిగే దారి లేదు. లోపం ఉన్న వస్తువు విషయంలో మాత్రం దారి ఉంది. 2020 జులై నుంచి అమలవుతున్న వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న సరుకును వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని అన్యాయ వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. విదేశంలో ఉండి ఇక్కడివాళ్లకు పద్ధతిగా అమ్మే కంపెనీలకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. గేమ్ సరుకేనని ఆస్ట్రేలియా రాసుకున్నట్టు, డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని మన వినియోగదారుల చట్టంలోనూ ఒక్క వాక్యం చేర్చాలి. పన్ను కోసం ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాకా కొట్లాడిన ప్రభుత్వాలకు, కొన్నవాడి కోసం ఆ వాక్యం రాయడం కష్టం కాకూడదు.

అప్పటిదాకా, లోపమున్న గేమ్‌కు స్టోరు డబ్బు ఇవ్వనంటే కొన్న రసీదు, లోపం కనిపించే స్క్రీన్‌షాట్లు, వాళ్ల జవాబు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపైతే దానికి ఫీజు లేదు.